గాజు తొట్టిలో బుడగలు, చెరువులో ఏరియేటర్లు: నీళ్ళకు గాలి పట్టించిన కథ



వారం కిందట మన పక్క ఊరి తమ్ముడు ఒకతను ఫోన్ చేశాడు. "అన్నా, పిల్లలు మారాం చేస్తుంటే రేపల్లెలో అక్వేరియం తొట్టి కొనుక్కొచ్చా. బుడగలొచ్చే మోటారు రాత్రిపూట గుర్రుమంటుందని ఆపి పడుకున్నాం. తెల్లారేసరికి పెద్ద చేపలు రెండూ తేలిపోయినయ్, చిన్నవి మాత్రం బతికినయ్. నీళ్ళు నిన్న మార్చినయ్యే, తేటగా ఉన్నయ్. ఇదేం రోగం?" అని అడిగాడు.

రోగం కాదు, ఊపిరాడకపోవడం. ఆ మాట ఫోన్లోనే చెప్పాను. కానీ దీని వెనకాల చాలా పెద్ద కథ ఉంది. లండన్లో మొదలై, మద్రాసు మీదుగా, తైవాన్ మీదుగా తిరిగి తిరిగి మన నిజాంపట్నం వైపు చెరువుల గట్టు మీదకొచ్చి నిలబడ్డ కథ. వచ్చే పంటకు సీడ్ ఎంత వెయ్యాలా అని లెక్కలేసుకునే రోజులివి కాబట్టి తీరిగ్గా చదవండి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. తొట్టిలో బుడగని చేప పీల్చుకోదు. చేప పీల్చేది నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్ని. అడుగు లోతు నీళ్ళలో అడుగునుంచి లేచిన బుడగ సెకను తిరక్కుండానే పైకొచ్చి పగిలిపోద్ది. ఆ కాస్త సేపట్లో దాన్నుంచి నీళ్ళలోకి దిగే ఆక్సిజన్ తక్కువే. మరి బుడగ చేసే మేలేంటంటే, అడుగునున్న నీళ్ళని పైకి ఈడ్చుకొచ్చి, పైనున్న నీటి పొరని కదిలిస్తది. గాలి, నీరు తాకేది ఆ పై పొర దగ్గరే. అక్కడ నీరు కదలకుండా ఉంటే పైన చిన్న పొర మాత్రమే ఆక్సిజన్ తాగుద్ది, కింద నీరు ఎండిపోయిన గొంతులాగా అట్టాగే ఉంటది. నీళ్ళలో ఆక్సిజన్ తనంతట తాను కిందకి పాకే వేగం, గాలిలో పాకే వేగంలో పదివేలవ వంతు. అందుకే కదిలించాలి.

ఇంకో సంగతి. 30 డిగ్రీల వేడిలో మంచినీళ్ళు లీటరుకు మహా అయితే ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. చల్లగా 20 డిగ్రీలుంటే 9 దాకా పడతది. ఉప్పు కలిసే కొద్దీ ఇంకా తగ్గుద్ది. అదే ఒక లీటరు గాలిలో 270 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటది. అంటే మనం పీల్చేదాంట్లో ముప్పై అయిదో వంతు సరుకుతో చేప, రొయ్య బతకాలి. చలిదేశం వాళ్ళ నీళ్ళకన్నా మన నీళ్ళు ఇంకా బీదవి.

ఇదంతా మనుషులకు తెలియడానికి చాలా కాలం పట్టింది. లండన్లో శామ్యూల్ పెపిస్ అని డైరీ రాసే అలవాటున్న ఒక గవర్నమెంటు ఉద్యోగి, 1665లో గాజుపాత్రలో నీళ్ళు పోసి చేపల్ని పెంచడం చూసి అబ్బురపడి రాసుకున్నాడు. అప్పట్లో అందరికీ తెలిసిన కిటుకు ఒక్కటే, నీళ్ళు మారుస్తూ ఉండటం. ఎందుకు మార్చాలో ఎవరికీ తెలవదు.

1771లో జోసెఫ్ ప్రీస్ట్లీ అని ఒక చర్చి పాస్టరు, మూసిన గాజు గిన్నెలో కొవ్వొత్తి ఆరిపోయిన గాలిని ఒక పుదీనా మొక్క బాగుచేస్తుందని కనిపెట్టాడు. మూడేళ్ళకి, 1774లో, పాదరసం భస్మాన్ని భూతద్దంతో కాల్చి ఆక్సిజన్ని విడిగా పట్టాడు. ఇది మనకందరికీ ఇంటర్లో చెప్పిందే. కానీ మన చెరువుకి పనికొచ్చే ముక్క చెప్పింది ప్రీస్ట్లీ కాదు, యాన్ ఇంగెన్‌హౌజ్ అనే హాలెండు డాక్టరు. 1779లో ఆయన తేల్చిందేంటంటే, మొక్క గాలిని బాగుచేసేది ఎండలో ఉన్నప్పుడే. చీకటి పడితే అదే మొక్క మనలాగే గాలిని చెడగొడుతుంది.

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పచ్చగా ప్లాంక్టన్ పట్టిన చెరువు మధ్యాహ్నం 3 గంటలకు ఆక్సిజన్ ఫ్యాక్టరీ. తెల్లారుజామున 4 గంటలకు అదే ప్లాంక్టన్ మన రొయ్యతో పోటీపడి తాగే దొంగ.

తర్వాత కథ ఒక ఆడమనిషి దగ్గరకొస్తది. అన్నా థిన్ అని, లండన్లో ఒక పెద్ద చర్చి అధికారి భార్య. 1846లో టార్కీ అనే సముద్రతీరం ఊరికి పోయి, అక్కడ పగడపు జీవాలు చూసి ముచ్చటపడి, వాటిని సముద్రపు నీళ్ళతో సహా లండన్కి తెచ్చుకుంది. సముద్రం చూస్తే దూరం, రోజూ కొత్త నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తది? అందుకని పనిమనిషిని కిటికీ దగ్గర నిలబెట్టి, ఆ నీళ్ళనే ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఎత్తి పోయించేది. రోజూ అరగంట, ముప్పావుగంట. మనం టీ చల్లార్చినట్టు. ఆ జీవాలు బతికినయ్.

పుస్తకాల్లో అన్నా థిన్ పేరుంది. ఆ పనిమనిషి పేరు లేదు. నా లెక్కలో ప్రపంచంలో మొదటి ఏరియేటర్ ఆ పనిమనిషి చేతులే.

తర్వాత కొన్నాళ్ళకి అన్నా థిన్ ఆ తొట్టెల్లో సముద్రపు నాచు కూడా వేసింది. ఇంచుమించు అదే కాలంలో, అదే లండన్లో, రాబర్ట్ వారింగ్టన్ అనే మందుల కెమిస్టు 12 గ్యాలన్ల తొట్టి, అంటే సుమారు 54 లీటర్లు, తీసుకుని అందులో రెండంటే రెండు చిన్న బంగారు చేపలు వేశాడు. రిబ్బను లాంటి పొడుగాటి ఆకులుండే వాలిస్నేరియా మొక్క నాటాడు. మన కొల్లేరులో కూడా పెరిగే మొక్కే అది. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత ముసలి ఆకులు కుళ్ళి నీళ్ళు చెడిపోయినయ్. అప్పుడు కుళ్ళు తినడానికి నత్తలు వేశాడు. నత్తలు ఆకులు తిన్నయ్, నత్త గుడ్లు చేపలు తిన్నయ్, చేపల పెంట మొక్కకు ఎరువైంది. నీళ్ళు మార్చకుండా చాలా నెలలు నడిచింది. 1850లో ఆ సంగతి కెమిస్ట్రీ సంఘానికి రాసి పంపాడు.

54 లీటర్లకు రెండు చిన్న చేపలు! ఈ లెక్క ఎవరూ పట్టించుకోరు. మొక్క వేస్తే చాలు, చేపలు బతుకుతాయి అన్న మాట మాత్రమే జనంలోకి పోయింది. 1845లో ఇంగ్లండులో గాజు మీద పన్ను ఎత్తేశారు, గాజు చవకైంది. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. ఫిలిప్ గాస్ అనే ఆయన 1854లో అక్వేరియం మీద పుస్తకం రాశాడు. ఇహ చూడండి, ప్రతి ఇంట్లో ఒక తొట్టి. తొట్టినిండా చేపలు. కొన్నేళ్ళ మోజు. మోజు తీరాక మూలపడేశారు. మనూళ్ళో ఒకాయనకి వెనామీలో డబ్బులొస్తే పక్క సంవత్సరం ఊరంతా చెరువులు తవ్వినట్టే అనుకోండి.

ఆ మోజులోంచే ఇంకో దారి పుట్టింది. విలియం ఆల్ఫోర్డ్ లాయిడ్ అని, లండన్లో అక్వేరియం తొట్టెలు అమ్మే కొట్టు పెట్టినతను, తర్వాత పెద్ద పెద్ద అక్వేరియాలు కట్టే పనికి దిగాడు. 1864లో జర్మనీలో హాంబర్గు, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్. ఆయన పద్ధతేంటంటే, జనం చూసే తొట్టెలకన్నా ఎన్నో రెట్లు నీళ్ళు కింద చీకట్లో ఒక పెద్ద తొట్టిలో నిలవ పెట్టడం, ఆవిరి ఇంజనుతో ఆ నీళ్ళని రాత్రీ పగలూ ఆపకుండా పైకి తోడి తిప్పడం. తిరిగే నీరు దారిలో గాలి తాగుద్ది. మొక్క ఉందా లేదా, ఎండ ఉందా లేదా అనే గొడవ లేదు. ఇంజను ఉందా లేదా అన్నదే ప్రశ్న.

అంటే 1871 నాటికే రెండు దార్లు తేలిపోయినయ్. ఒకటి వారింగ్టన్ దారి: నీళ్ళు ఎంత మోయగలిగితే అన్ని ప్రాణాలే వెయ్యి. రెండోది లాయిడ్ దారి: ఎక్కువ వెయ్యి, కానీ ఇంజను ఆగనియ్యకు. ఈ నూటయాభై ఏళ్ళలో మూడో దారి ఎవరూ కనిపెట్టలేదు. మందుల డబ్బాల మీద ఏం రాసుకున్నా సరే.

మన వైపుకొద్దాం. 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున అక్వేరియం తెరిచారు. మద్రాసు మ్యూజియం చూసే ఎడ్గార్ థర్స్టన్ అనే తెల్లదొర ఆలోచన అది. గుంటూరు జిల్లా ఏర్పడి అప్పటికి అయిదేళ్ళే, మన రేపల్లె తాలూకా కూడా మద్రాసు రాజధానిలోదే కాబట్టి మన పెద్దవాళ్ళు చూడగలిగిన మొదటి చేపల గాజు ఇల్లు అదే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బాంబుల భయంతో దాన్ని మూసేశారు. భయం ఉత్తిది కాదులెండి, 1942 ఏప్రిల్లో జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినయ్. 

ఇక్కడ మీకో అనుమానం రావాలి. మన తాతల కాలంలో కుంటల్లో, బోదెల్లో, మోకాలు లోతు బురదనీళ్ళలో చేపలుండేవి గదా, వాటికి ఏ మోటారు గాలి పట్టించింది? జవాబు చేపల్లోనే ఉంది. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇవన్నీ పైకొచ్చి మూతితో గాలి మింగే రకాలు. కొర్రమీనుని పైకి రానీకుండా వల అడ్డం పెట్టి నీళ్ళలోనే ఉంచితే, నీళ్ళలో ఉండీ ఊపిరాడక చచ్చిపోద్ది! సంతలో బక్కెట్లో రెండు చెంబుల నీళ్ళతో సాయంత్రం దాకా అది కొట్టుకుంటూ ఉండేది అందుకే. మద్రాసు సైన్యంలో డాక్టరుగా చేసిన ఫ్రాన్సిస్ డే, భారతదేశపు చేపల మీద 1875 నుంచి 1878 దాకా పెద్ద గ్రంథం వేసినాయన, ఈ గాలి మింగే చేపల్ని శ్రద్ధగా గమనించాడు. అంతకు ముందే, 1791లో, తమిళ తీరంలో తరంగంబాడిలో ఉన్న డాల్డార్ఫ్ అనే డెన్మార్క్ సైనికాధికారి, ఒక చేప తాడిచెట్టు మానెక్కుతుంటే చూశానని రాశాడు. తమిళులు ఆ చేపనే పనైయేరి, అంటే తాడెక్కేది అంటారు. చెట్టెక్కిన సంగతి నమ్మితే నమ్మండి లేకపోతే లేదు, అది నీళ్ళు లేకుండా నేలమీద పాకి పక్క గుంటకు పోవడం మాత్రం నిజం.

అంటే ఎండాకాలం నీళ్ళకు తట్టుకునే చేపలనే మన నేల తయారుచేసుకుంది. మనం మాత్రం వాటిని పక్కనబెట్టి బొచ్చె, రాగండి, ఆ తర్వాత రొయ్య వేశాం. ఇవి గాలి మింగలేవు. కృష్ణలో పెరిగే రకాలకు ఆ అవసరమే లేదు. మన పెనుమూడి రేవులో నిలబడి చూడండి, పోటు వచ్చినప్పుడొకటి, పాటు తీసినప్పుడొకటి, నీరు ఎప్పుడూ కదులుతూనే ఉంటది. దాని మీద సముద్రపు గాలి. అంత వెడల్పున పై పొర నిమిషానికోసారి చిరుగుతూ ఉంటే ఇహ ఏరియేటర్ ఎందుకు? ఆ రొయ్యని తెచ్చి నాలుగు గట్ల మధ్య నిలవనీళ్ళలో పెట్టామంటే, ఏరు చేసే పని మనం చెయ్యాలి.

ఆ పని చేసే రెక్కల చక్రం మనకొచ్చింది తైవాన్ నుంచి. అక్కడ 1968లో ఐ-చియు లియావో అనే శాస్త్రవేత్త టైగర్ రొయ్య పిల్లల్ని తయారుచేసి చూపించాక, చిన్న చిన్న చెరువుల్లో కిక్కిరిసేటట్టు పెంచడం మొదలుపెట్టారు. నీళ్ళ మీద తేలుతూ రెక్కలతో నీటిని చిమ్మే ఏరియేటర్ లేకపోతే ఆ పెంపకం లేదు. బుడగ కన్నా ఇది మంచి పద్ధతి. నీటిని తుంపర్లుగా గాల్లోకి ఎగరేస్తది, తుంపర చుట్టూ గాలే. ఎగరేసిన నీళ్ళని చెరువంతా తిప్పుతది. అన్నా థిన్ పనిమనిషి చేసిందే, కరెంటుతో. అమెరికాలో అలబామా దగ్గర ఆబర్న్ యూనివర్సిటీలో క్లాడ్ బాయిడ్ అనే ఆయన 1980ల్లో ఈ చక్రాల్ని రకరకాలుగా పరీక్షించి ఏది ఎంత ఆక్సిజన్ కలుపుతుందో లెక్కలు కట్టాడు. అక్కడ వాలుగ జాతి చేపల చెరువుల కోసం చేసిన పనే అయినా ఇవాళ రొయ్యల రైతులందరూ వాడే లెక్క దాంట్లోంచే వచ్చింది: ఒక హార్స్ పవర్‌కి సుమారు 400 నుంచి 500 కేజీల రొయ్య.

తైవాన్ టైగర్ 1988లో కుప్పకూలింది. మన తీరంలో టైగర్ ఊపు 1990ల మొదట్లో వచ్చి, 1994, 95ల్లో తెల్లమచ్చతో పడిపోయింది. అది వైరస్, దానికి ఆక్సిజన్ కారణమని నేను అనను. కానీ ఊపిరాడక నీరసపడ్డ రొయ్య రోగాన్ని తట్టుకోలేదన్నది గట్టు మీద ఉన్న ఎవరికైనా తెలుసు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం, 2009లో వెనామీకి అనుమతి, ఇవన్నీ మనం చూసినయ్యే.

వెనామీతో కథ పూర్తిగా లాయిడ్ దారి పట్టింది. టైగర్ అడుగున తిరిగే రొయ్య. వెనామీ నీళ్ళ మధ్యలో కూడా ఈదుద్ది కాబట్టి ఎక్కువ పడతది అన్నారు. చదరపు మీటరుకి 60 పిల్లలకు మించొద్దని నిబంధన. ఎకరానికి చూస్తే సుమారు 2 లక్షల 40 వేలు. అది పైహద్దు. మనోళ్ళు కొందరు దాన్నే వెయ్యాల్సిన లెక్క అనుకుంటున్నారు.

ఒకసారి పెన్ను తీసుకోండి. ఎకరం చెరువు, నాలుగడుగుల నీళ్ళు: సుమారు 49 లక్షల లీటర్లు. లీటరుకు 6 మిల్లీగ్రాములున్నాయనుకుంటే చెరువు మొత్తానికి ఉన్న ఆక్సిజన్ 30 కేజీలకు కాస్త తక్కువ. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న ఒక్క హాల్లో గాలిలో ఉండేంత! ఎకరం చెరువులో ప్రాణాలన్నీ రాత్రంతా బతకాల్సింది ఆ ఒక్క హాలు గాలి మీద. రొయ్య ఒక్కటే కాదు, ప్లాంక్టన్ తాగుద్ది, అడుగున మిగిలిన మేత కుళ్ళుతూ అందరికన్నా ముందు తాగుద్ది. తమ్ముడు కొన్న రెండడుగుల తొట్టి అయితే 56 లీటర్లు, అందులో ఉండేది అర గ్రాము కూడా కాదు. మోటారు ఆపితే పెద్ద చేపలే ముందు పోవడానికి కారణం, పెద్ద ఒంటికి గంటకు కావాల్సింది ఎక్కువ. చిన్నది పైపొరలో మూతి పెట్టి ఎట్టాగో నెట్టుకొస్తది.

ఇప్పుడు రెండు లక్షల 40 వేలు వేసి, నూటికి 80 బతికి, 50 కౌంటుకొచ్చాయనుకోండి. 3,800 కేజీల పైచిలుకు. బాయిడ్ లెక్కన ఎకరానికి ఎనిమిది నుంచి పది హార్స్ పవర్, ఆ మొత్తానికి సరిపడా జనరేటర్, ఆ జనరేటర్ స్టార్టు కాకపోతే ఇంకోటి. లక్ష వేస్తే 1,600 కేజీలు, నాలుగు హార్స్ పవర్‌తో సరిపోద్ది. అందులో రెండు ఆగినా, మేత ఆపి, మిగతా రెండూ తిప్పుకుంటూ తెల్లారేదాకా నెట్టుకురావచ్చు. మొదటిదాంట్లో అర్ధరాత్రి తర్వాత కరెంటు పోయి గంట గడిస్తే రొయ్య గట్టుకొస్తది. ఇంకాస్త ఆగితే గంపలెత్తాలి. పెద్ద రైతుకి పది చెరువులుంటే ఒకటి పోయినా తొమ్మిది మోస్తయ్. కౌలుకు ఒకటిన్నర ఎకరం తీసుకున్నవాడికి పోయేది పంట ఒక్కటే కాదు, మేత కొట్టు బాకీ, సీడ్ బాకీ, ఇంట్లో బంగారం కూడా. అందుకే నేను గట్టిగా చెప్తా: ఒకటే జనరేటర్ ఉన్న చిన్న రైతు లాయిడ్ దారిలో సగం దూరమే నడవాలి. సీడ్ అమ్మేవాళ్ళు, మేత అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు. వాళ్ళ తప్పేం లేదు, ఎక్కువ వేస్తేనే వాళ్ళ సరుకు అమ్ముడుపోయేది.

ఇహ కొలత సంగతి. 1888లో బుడాపెస్టులో లాయోష్ వింక్లర్ అనే కుర్ర కెమిస్టు నీళ్ళలో ఆక్సిజన్ని చుక్కల లెక్కన కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ల్యాబుకి నీళ్ళు తీసుకెళ్తే సీసాలో రెండు మందులు పోయగానే గోధుమరంగు ముద్ద కడతది, తర్వాత నీలం రంగు పోయేదాకా చుక్కలు లెక్కపెడతారు చూడండి, అది ఆయనదే. అయితే మనం చేసే పని, పొద్దున 9 గంటలకు టిఫిన్ చేసి, మూత లేని సీసాలో నీళ్ళు ముంచుకుని, బండి మీద కుదుపుకుంటూ తీసుకుపోవడం. ఎండెక్కాక ప్లాంక్టన్ పని మొదలుపెట్టింది, దారిలో కుదుపుకి సీసాలో నీళ్ళు గాలి తాగినయ్. 5 ఉంది, బ్రహ్మాండంగా ఉంది అని కాగితం ఇస్తారు. తెల్లారుజామున 4 గంటలకు అక్కడ రెండే ఉండొచ్చు. 4 పైన ఉంటే రొయ్య మేత తింటది, 3 కంటే దిగితే మానేస్తది, 1 దగ్గరకొస్తే చావే. చేతిలో పట్టుకునే మీటర్లు ఇప్పుడు దొరుకుతున్నయ్. లేలాండ్ క్లార్క్ అనే అమెరికా ఆయన 1950ల్లో ఆపరేషన్లప్పుడు మనిషి రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి చేసిన పరికరమే వాటికి మూలం. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కుంటే ఎవరికీ బరువు కాదు. మబ్బు పట్టిన రోజు, వాన పడ్డ మర్నాడు, నీళ్ళ రంగు ఉన్నట్టుండి తేటబడ్డ రోజు, ఈ మూడు రోజులూ తెల్లారుజామున అడుగు నీళ్ళలోనే కొలవాలి, పైన కాదు.

తొట్టి తమ్ముడికి కూడా ఇదే చెప్పా. మోటారు రాత్రిపూట ఆపొద్దు. సౌండు తగ్గాలంటే కింద మడతపెట్టిన గుడ్డ వెయ్యి. మేత చిటికెడే వెయ్యి. కరెంటు పోతే చెంబుతో నీళ్ళు ముంచి జానెడు ఎత్తు నుంచి పొయ్యి.

పోయిన రెండు పంటల్లో మీరు ఎకరానికి ఎంత సీడ్ వేశారు, ఎన్ని హార్స్ పవర్ తిప్పారు, తెల్లారుజామున డీఓ ఎంత చూశారు, కరెంటు పోయినప్పుడు ఎంతసేపటికి రొయ్య గట్టుకొచ్చింది, ఈ నాలుగు అంకెలు నాకు రాసి పంపండి. ఊరి పేరు చాలు, మీ పేరు అక్కర్లేదు. అన్నీ ఒక పట్టికలో పెట్టి సీడ్ వేసే లోపల ఇక్కడే పెడతాను.